బొంతలకొండపై కిదిరలి దండయాత్ర

వినుడు! తియాన్‌షాన్ శిఖరములు తొలిమంచు కిరీటములు దాల్చి, నరిన్ నది నురుగులు కక్కుచు పరుగిడు శరన్మధ్యాహ్నమున, రౌతులు మేకకళేబరమునకై పెనగులాడు కోక్‌బోరు ఆట తుదిపోరు మొదలైన మహాముహూర్తమున, ఒకనాటి అశ్వవీరుడును, మోకాళ్లనొప్పికి తప్ప అన్యులకు తలవంచనివాడును అగు కిదిరలి టీగిన్నె చేబూని టీవీ ముందు వీరాసనమున కూర్చుండెను.

నరిన్ జట్టు రౌతు మేకకళేబరమును శత్రుహస్తముల నుండి ఊడబెరికి, గోలుగుంతవైపు గుర్రమును దుమికించెను. దుమికిన గుర్రము గాలిలోనే శిలావిగ్రహమాయెను. నెట్టు నిలిచిపోగా, తెరపై చక్రము తిరుగసాగెను. అంతలో గోడకావల పొరుగింటి మంబెత్ సింహనాదము!

"పడిందిరా కిదిరలీ! నీకింకా రాలేదా? నీ నెట్టు గాడిదెక్కి వస్తోందా ఏంటి?"

ఇట్లు ప్రతి గోలును కంటికన్న ముందు చెవియే ఆరగించుచుండ, వీరుని మీసము అవమానభారమున వ్రేలాడెను.

"సెయిల్‌ఖాన్! ఆ వైఫై డబ్బా ఎక్కడ పెట్టావే?"

"ఇనప్పెట్టెలో," అనెను గృహసామ్రాజ్ఞి. "దాని పచ్చదీపం మినుకుమంటుంటే నాకు నిద్రపట్టట్లేదు. పైన బొంతలు పేర్చేశా."

"పెట్టెలో పెడితే నెట్టెలా వస్తుందే!"

"మా అమ్మ కుట్టిన బొంతలవి. ముట్టుకున్నావో, నిన్నూ మడతపెట్టి పైన పేరుస్తా!"

అంతట కిదిరలి పలికెను: "గుర్రం పోయింది, ఊరుకున్నా. పళ్లూడాయి, ఊరుకున్నా. కానీ పందెంలో జన్మంతా నా దుమ్ము తిన్న మంబెత్‌గాడు నాకంటే ముందు గోల్ చూడ్డమా? ప్రాణముండగా ఒప్పుకోను!"

గోడకావల మరల వికటాట్టహాసము. సెయిల్‌ఖాన్ భ్రుకుటి ముడివడెను.

"వీడి నోరు పడిపోను! పట్టు ఆ చివర!"

అప్పుడు ఆ వృద్ధదంపతులు, పట్టుబొంతలు, ఉన్నిబొంతలు, చుట్టాలకు మాత్రమే పరచు పూలబొంతలు ఒక్కటొక్కటిగా పెకలించుచుండ, మిగిలిన కొండ పెళ్లున కూలి కిదిరలిని కబళించెను. రెండు కాళ్లు మాత్రమే కానవచ్చినవి. అయినను ఆ ధీరుడు బొంతసముద్రమును ఈది, పెట్టెమూత పెకలించి, డబ్బాను పైకెత్తి కిటికీబల్లపై ప్రతిష్ఠించెను.

తెరపై చక్రమాగెను. ఆట ఒక్క దుముకున వర్తమానమునకు వచ్చి, నరిన్ రౌతు మరల గుర్రమును దుమికించెను. కళేబరము మరియొకమారు గుంతలో పడెను.

"పడింది!" అని వృద్ధదంపతులు ఏకకంఠమున గర్జించిరి.

గోడకావల సింహనాదము లేదు. పిదప ఒక దీనస్వరము: "ఏంటీ... పడిందా? ఎవరు వేశార్రా?"

ఇట్లు నరిన్ నగరమున, మంబెత్ కన్న ఒక్క రెప్పపాటు ముందు గోలు చూచి కిదిరలి జయధ్వజమెత్తెను.