గొర్రె నెత్తురు ఎవరు తాగారు?

ఆ రోజు రాహేలు చేయాల్సింది పెద్ద పనేం కాదు. గొర్రెకు మత్తు ఇవ్వకముందు ఒకసారి, మత్తులో ఒకసారి, మేలుకున్నాక ఒకసారి నెత్తురు తీసి లెక్క కట్టాలి. అది సవ్యంగా జరిగితే, సాయంత్రం డాక్టర్ భీమేశ్వరరావు ఆమె ఉద్యోగం పర్మినెంటు చేస్తూ సంతకం పెడతాడు. మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన ల్యాబ్ అది. చుట్టూ ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు.

మొదటి లెక్కలో ఎర్రకణాలు ముప్పై ఆరు శాతం. మత్తెక్కాక గొర్రె కళ్లు తెరుచుకునే పడుకుంది. అడ్డగీతల్లాంటి ఆ కనుపాపలు ఎవరినీ చూడవు, ఎవరినీ వదలవు. ఈసారి లెక్క ఇరవై ఏడు.

"నాలుగోవంతు ఏమైందమ్మా? నమూనాలు తారుమారు చేశావా?" అన్నాడు భీమేశ్వరరావు.

"లేదు సార్, మళ్లీ తీస్తాను."

తీసింది. ఇరవై ఐదు! నేల మీద చుక్క లేదు. ఒంటి మీద గాటు లేదు. ఎవరో పక్కనే కూర్చుని, కనబడకుండా, తీరిగ్గా తాగుతున్నట్టుంది.

"రక్తం మాయమైపోతోందండీ!" అని భీమేశ్వరరావు ఫోన్లో పైవాళ్లకు అరిచాడు. కిటికీ అవతల కూలీల సుత్తులు ఆగిపోయాయి.

"పొద్దుగాల బండ పేల్చినం గద. దాని కిందున్న దయ్యం లోపలికి పోయినట్టుంది!" అన్నాడొక కూలీ.

విదేశంలో చదివొచ్చిన భీమేశ్వరరావు మొదట రాహేలుకు మెమో టైపు చేశాడు. తర్వాత తలుపుకు నిమ్మకాయ కట్టాడు. ఇంతలో కూలీలు డప్పులతో రానే వచ్చారు. ఆ మోతకు గొర్రె దిగ్గున లేచింది, బల్ల దూకింది, గదంతా గిరగిరా తిరిగింది. రాహేలు పెదవుల మీద ప్రార్థన. దాన్ని ఒడిసిపట్టి నెత్తురు తీసింది.

"నలభై ఒకటి సార్! పోయింది తిరిగొచ్చింది!"

"తాగింది మల్ల కక్కిందిరో!" కూలీలు డప్పులు వదిలేసి పరుగెత్తారు. భీమేశ్వరరావు బల్లెక్కాడు.

గొర్రెలను సాకే మల్లమ్మ గడ్డిమోపుతో లోపలికి వచ్చింది. "బల్లెక్కినవేంది సారూ? గొర్రె పండితే నెత్తురు కడుపులున్న తిల్లిల దాసుకుంటది. బెదిరితే బయటికి ఇడుస్తది. కోసేటప్పుడు సూడలే? పండిన దాని తిల్లి ఉబ్బి ఉంటది, బెదిరిన దానిది ముడుసుకపోతది."

"ముందే చెప్పొచ్చు కదే!"

"నన్నెవలడిగిండ్రు?"

సాయంత్రం ఆయన మెమో చించేసి పర్మినెంటు కాగితం మీద సంతకం పెట్టాడు. రేపు ఇంకో తొమ్మిది గొర్రెలను పట్టుకునే మనిషి కావాలి మరి. తిల్లికి ప్లీహమని పేరు మార్చి పెద్ద రిపోర్టు కూడా రాశాడు. అందులో గొర్రె నంబరు ఉంది, మల్లమ్మ పేరు లేదు.