పోచన్న రెట్టింపు చేసిన శుక్రవారాలు

శుక్రవారం పొద్దున పోచన్న వేసుకున్న పథకం చిన్నది. ఎనిమిదింటి టాక్సీలో అల్ ఐన్ పోవాలి, తమ ఊరి లచ్చన్న దగ్గర క్యాసెట్ తీసుకోవాలి, తిరిగి రావాలి. క్యాసెట్‌లో ఉన్నది భూమవ్వ గొంతు. ఏడాదిగా పెళ్లాం మాటలన్నీ తన తమ్ముడు రాసే ఉత్తరాల్లోనే వస్తున్నాయి. మరిది చేత రాయించే ఉత్తరంలో ఏ ఆడమనిషైనా ఏం చెప్పుకుంటుంది? సెలవు మీద ఊరికి పోయొచ్చిన లచ్చన్నను కంపెనీ శనివారం సముద్రంలో దీవి మీద పనికి తోలేస్తోంది. పోతే ఆరు నెలలు దొరకడు.

అడ్డం వచ్చింది వంట. ఎడారిలోని మఫ్రఖ్ కూలీల క్యాంపులో పదిమందిని ఒక్క గదిలో కుక్కిన కంపెనీకి వంటవాణ్ణి పెట్టడానికి మాత్రం చేతులు రాలేదు. ఆ సంగతి విడిగా తేల్చాల్సిందే. ఈ శుక్రవారం వంతు పోచన్నది. వంతు మార్చుకోమని బతిమాలితే గదిలో ఎవడూ వినడు. పేక పత్తాల్లో ఓడితే మాత్రం నోరెత్తకుండా గరిటె పట్టుకుంటాడు. అదీ రివాజు.

స్టోరులో పనిచేసే రాజలింగం ఏదో ఇంగ్లీషు పుస్తకం సగం చదివి బ్లాక్‌జాక్ నేర్చాడు. ఇరవై ఒకటికి దగ్గరగా పోవాలి, దాటితే చచ్చినట్టే. బొమ్మ ఏదైనా పదే, ఆసు ఒకటైనా పదకొండైనా. రెండు ముక్కలు చూశాక పందెం రెట్టింపు చేయొచ్చు, కాని ఆపైన ఒక్క ముక్కే ఇస్తారు.

"నీకు పది వచ్చి, పంచేటోనికి గూడ పది కనవడితే రెట్టింపు చెయ్యొద్దు. అది మామూలు కాయిదా," అన్నాడు రాజలింగం. "కని చిన్న పత్తాలు మస్తు పడిపోయినయనుకో, మిగిలినయన్ని పెద్దయే. అప్పుడు కాయిదా పక్కకు వెట్టి రెట్టింపు కొట్టాలె. నేను లెక్కవెడ్త. నేను దగ్గితే కొట్టు."

పంచింది కడప నుంచి వచ్చిన క్రేన్ డ్రైవర్ ఇమామ్ హుస్సేన్. పందెం ఒక శుక్రవారం వంట.

సగం పేక పడిపోయింది. పోచన్నకు పది. అవతల కూడా పదే. రాజలింగం దగ్గాడు. పోచన్న రెట్టింపు అన్నాడు. మూడు వచ్చింది. రెండు శుక్రవారాలు పోయాయి.

"ఇగ పెద్దయే మిగిలినయ్. రెండు వెట్టు!" అన్నాడు రాజలింగం.

ఈసారి పదకొండు. అవతల ఆసు. దగ్గు. పందెం నాలుగయింది. వచ్చిన ముక్క రెండు. ఆ నాలుగూ పోయాయి. మూడోసారి నాలుగు పెడితే తొమ్మిది వచ్చింది, అవతల ఏడు. రాజలింగం ఊపిరితిత్తులు కక్కేలా దగ్గాడు.

"ఏందబ్బా, ఈయప్పకు క్షయ గానీ ఉందా?" అన్నాడు ఇమామ్ హుస్సేన్.

ఎనిమిదీ పోయాయి. మొత్తం పద్నాలుగు.

రాజలింగం పేక లాక్కుని మంచం మీద పరిచాడు. "ఎనిమిది బొమ్మలు లేవు! ఏడికి వొయినయే?"

పోచన్న కిటికీ వైపు చూపించాడు. "ఏసీ వణుకుతుందని నేనే కింద ఎక్కిచ్చిన. రాజులు, రాణులైతే గట్టిగుంటయనుకున్న."

"నాకెందుకు చెప్పలే?"

"పడ్డయి లెక్కవెడ్త అన్నవ్. లేనియి గూడ లెక్కవెడ్త అన్నవా?"

ఇమామ్ హుస్సేన్ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "ఓడింది ఓడినట్టే, ఖలాస్. యల్లా, బియ్యం కడుగుపో."

టాక్సీ వెళ్లిపోయింది. పోచన్న ఉల్లిగడ్డలు కోశాడు. కోయడం అయిపోయినా కళ్లు మాత్రం ఆరలేదు.

పదకొండింటికి గది ముందు లారీ ఆగింది. లచ్చన్న దూకాడు.

"ఒక్కరోజు ముందే తోలుకపోతుండ్రు పోచన్నా! మా ముదీర్ సారు కాళ్లు వట్టుకుంటె ఐదు నిమిషాలు ఆపిండు. నువ్ అప్పటికే అల్ ఐన్‌కు బయలెల్లినవేమోనని నా పానం కొట్టుకున్నది." చేతిలో క్యాసెట్ పెట్టి, మళ్లీ లారీ ఎక్కేశాడు.

రాజలింగం ఛాతీ విరిచాడు. "సూసినవా? గెలిస్తే నువ్ అల్ ఐన్‌ల, భూమవ్వ గొంతు దీవిల. ఇదంత నా లెక్క పుణ్యమే!"

పోచన్న క్యాసెట్ జేబులో పెట్టుకుని పొయ్యి దగ్గరికి పోయాడు.

ఆ తర్వాత వరసగా పద్నాలుగు శుక్రవారాలు రాజలింగం పళ్లెంలోకి అడుగంటిన అన్నమే వచ్చింది.