గొడుగు కింద ఖాళీ చోటు

జపానులోని ఎడో నగరంలో అతన్ని అందరూ చినుకుల కిసాబురో అనేవారు. కొండ గీస్తే బోర్లించిన కుండలా, పడవ గీస్తే పాత చెప్పులా ఉండేది గానీ, వాన మాత్రం అతనిలా ఎవరూ గీయలేరు. ఆ గీతల్ని అచ్చుకోసం చెక్క మీద చెక్కేది భార్య ఒనుయి. అది ఆమె పుట్టింటి విద్య.

వంతెన పక్క టీ దుకాణంలో ఒటకి అనే పడుచు ఉంది. ఆమెతో మనసులో మాట చెప్పే ధైర్యం లేక కిసాబురో ఒక ఎత్తు వేసి బొమ్మ గీశాడు: సాయంకాలపు వాన, వంతెన, ఒకే గొడుగు కింద ఒక మగవాడు, ఒటకి కట్టుకునేలాంటి నీలిపూల కిమోనోలో ఒక ఆడమనిషి. ఒకే గొడుగంటే వలపని ఊరందరికీ తెలుసు. బొమ్మ అంగట్లో వేలాడితే ఒటకే అర్థం చేసుకుంటుంది.

తిరకాసల్లా, దాన్ని చెక్కాల్సింది ఒనుయి.

"ఎవరండీ ఈవిడ?"

"ఇంకెవరు, నువ్వే!"

"ఈ నడుం నాకెప్పుడుంది?"

"కళ అన్నాక కాస్త కల్పన ఉంటుందే."

"ఓహో, ఈవిడ పేరు కల్పనా! కల్పనగారికి కొత్త కిమోనో కూడా కొన్నారే."

"నీకు భావం తెలీదు. వానంటే విరహం. వంతెనంటే..."

"టీ దుకాణం. తెలుసులెండి."

ఒనుయి ఉలి అందుకుంది. గండం గడిచిందనుకుని కిసాబురో టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

బొమ్మ అచ్చయి వచ్చింది. అందులో ఆడమనిషి లేదు. మగవాడొక్కడే గొడుగు పక్కకి వంచి, ఎవరూ లేని చోటు తడవకుండా కాపాడుతున్నాడు.

అంగడి ముందు జనం కళ్ళు తుడుచుకున్నారు. "పాపం, చినుకులాయన పెళ్ళాం పోయింది కాబోలు!"

పక్కింటి ముసలమ్మ అగరొత్తులు పట్టుకుని పరామర్శకొచ్చింది. తలుపు తీసింది ఒనుయి.

"నువ్వు... ఉన్నావా తల్లీ?"

"ఉన్నట్టే ఉన్నానండీ. రండి, తెచ్చినవి ఎలాగూ వెలిగిద్దాం."

అక్కడ టీ దుకాణంలో ఒటకి తడికళ్ళతో కిసాబురోకి టీ పోసింది. "మీ ఆవిడంటే ఇంత ప్రాణమని తెలీదండీ. మిమ్మల్ని చూస్తే మా నాన్న గుర్తొస్తున్నాడు."

కిసాబురో ఇంటికొచ్చి విరుచుకుపడ్డాడు. "ఎందుకు తీసేశావే ఆ మనిషిని?"

"అది నేనేనని మీరేగా అన్నారు. అడ్డెందుకని నన్ను నేనే తీసేసుకున్నాను."

అంతలో అచ్చువేయించే షావుకారు కబురంపాడు: ఈసారి మంచు కావాలి, అదే మగవాడు, పక్కన అదే ఖాళీ.

కిసాబురో తల వంచుకున్నాడు. "ఈసారి అక్కడ నిన్నే గీస్తానే. ఒట్టు."

ఒనుయి ఒళ్ళో పడ్డ చెక్కపొట్టు దులుపుకుంది.

"వద్దండీ. నేను లేకపోతేనే మీ బొమ్మ బాగుంది. నేను పోయానని ఊరంతా ఏడ్చింది. మీరొక్కరే టీ తాగడానికి వెళ్ళారు."