కారు కంటికి బొట్టు

ఒక పెద్ద అడవిలో, ఇసుకదిబ్బకూ మడుగుకూ నడుమ ఒక తారురోడ్డు ఉండేది. ఆ రోడ్డు వంపు దగ్గర డిప్పమ్మ అనే తాబేలు తన సంతానంలో సగానికి పైగా పోగొట్టుకుంది. గుడ్లు పెట్టవలసింది దిబ్బమీద, పిల్లలు బతకవలసింది మడుగులో. నడుమ తిరిగేది అడవి సభవారి కారు.

ఈ ఏడు దిబ్బలో ఇరవై రెండు గుడ్లు ఉన్నాయి. తొలివాన పడగానే పిల్లలు బయలుదేరతాయి.

డిప్పమ్మ మూడేళ్ళు అర్జీలు పెట్టుకుంది. సభాధ్యక్షుడు పెద్దపులి శార్దూలప్ప ప్రతి అర్జీనీ ఓపికగా విని, తాబేళ్ళకు పరుగు నేర్పించే విషయం పరిశీలిస్తామని సెలవిచ్చేవాడు. నాలుగో ఏట, పక్క అడవి సభవారు తనంతట తానే ఆగే కారు కొన్నారన్న వార్త వచ్చింది. డిప్పమ్మ అర్జీ ఆ పూటే మంజూరై, అలాంటి కారే ఈ అడవికీ వచ్చింది.

ఆ కారు నిజంగా గొప్పది. దాని నుదుట చిన్న గాజుకన్ను ఉంది. ఎదురుగా ఏ ప్రాణి కనిపించినా కారు కూతపెడుతుంది. నడిపేవాడు వినకపోతే తానే బ్రేకు వేస్తుంది. డ్రైవరు అడవిపంది వరహాలుకు మాత్రం ఇది నామోషీగా తోచింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న తనకు ఒక గాజుముక్క దారి చూపడమేమిటని అడవంతా చెప్పుకు తిరిగాడు.

ప్రారంభోత్సవం నాడు డిప్పమ్మ వంపు దగ్గర రోడ్డు నడిమధ్యన నిలబడింది. పిల్లల ప్రాణాలు అప్పగించే ముందు తన ప్రాణం పెట్టి చూసుకోవాలనుకుంది.

కారు వచ్చింది. కూతపెట్టింది. వరహాలు లెక్కచేయలేదు. కారు తానే, సరిగ్గా మూరెడు దూరంలో ఆగింది.

డిప్పమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారులో శార్దూలప్ప కళ్ళలోనూ తిరిగాయి, ముక్కు ముందు సీటుకు కొట్టుకున్నందుకు. కొత్త శాలువా నలుగుతుందని, బెల్టును ఆయన వీపు వెనక నుంచి తగిలించుకున్నాడు.

అధ్యక్షులవారి కారు ఒక తాబేలు కోసం ఆగడమా అని వెంట వచ్చినవాళ్ళు గుసగుసలాడారు. పూజకు వచ్చిన కొంగ ధవళశాస్త్రి కారులోంచి కిందికి దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, గాజుకన్ను ముందు ఆగాడు.

"లోపం దొరికిందయ్యగారూ. ఒళ్ళంతా బొట్లు పెట్టాం, కంటికి పెట్టడం మరిచాం."

గాజుకన్ను నిండా పసుపు మెత్తి, మీద అరచేతి మందాన కుంకుమ అద్దాడు. లోపల ఒక ఎర్రదీపం వెలిగింది. దేవుడు హారతి అందుకున్నాడని అందరూ కళ్ళకద్దుకున్నారు.

డిప్పమ్మ మెల్లగా అడిగింది, "కన్ను మూసేస్తే అది చూసేదెట్లా నాయనా?"

"కారుకు చూపు నేర్పుతావా ముసలమ్మా?" అన్నాడు వరహాలు. "నీ ఇల్లు మోసుకుని పక్కకు జరుగు."

ఆమె జరిగింది. వాళ్ళ ముఖాలు చూశాక ఇంకోసారి పరీక్షించే ధైర్యం ఆమెకు కలగలేదు.

ఇప్పుడు వరహాలుకు కారు మీద అపారమైన గురి కుదిరింది. ఆగడం దాని పని అయినప్పుడు బ్రేకు మీద తన కాలెందుకని తీసేశాడు. వంపు దాటగానే అధ్యక్షుల బొమ్మతో కట్టిన స్వాగతద్వారం ఉంది. దాని కింద నిలబడ్డ జనానికి అతడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. జనం తప్పుకున్నారు. ద్వారం తప్పుకోలేదు.

ప్రాణాలు పోలేదు కానీ, అధ్యక్షులవారి మీసం ఒకవైపే మిగిలింది. కారు వెనక్కి గిరగిరా తిరిగివచ్చి వంపులో రోడ్డుకు అడ్డంగా, ముందు చక్రాలు ఈ కాలువలో, వెనక చక్రాలు ఆ కాలువలో పడి కూర్చుంది.

విచారణసంఘం వేశారు. అధ్యక్షత ధవళశాస్త్రిది. కారులో లోపం లేదనీ, డ్రైవరులో లోపం లేదనీ, పూజలో అసలే లేదనీ, ముహూర్తవేళ తాబేలు ఎదురురావడమే కారణమనీ మొదటిరోజే తేలింది. ఆ ముక్క రాయడానికి వారికి ఆరునెలలు గడువిచ్చారు. అంతవరకు సాక్ష్యం కనుక కారును కదపరాదని ఉత్తర్వు వెలువడింది.

తొలివాన పడింది. బొట్టు కరిగి కారు ముఖం మీదుగా ఎర్రగా కారింది. డిప్పమ్మ ఇరవై రెండు పిల్లలనూ వెంటబెట్టుకుని వంపు చేరింది. రోడ్డు మీద ఇటు నుంచి గానీ అటు నుంచి గానీ ఒక్క బండీ రాలేదు. పిల్లలు కారు కిందుగా, నీడలో నడిచాయి.

అన్నిటికన్నా చిన్నది తల ఎత్తి అడిగింది, "ఇదేమిటమ్మా?"

"మన కోసం కొన్న కారు బిడ్డా," అంది డిప్పమ్మ. "తొందర లేదు, నిదానంగా నడు."

ఇరవై రెండూ మడుగులో దిగాయి.

అందుచేత, బుద్ధిమంతులు గ్రహించవలసిందేమంటే, కొన్ని అడవుల్లో కళ్ళున్న కారు కన్నా కదలని కారే క్షేమం.