సమాధిలో చోటు ఖరారైంది

తప్పంతా పురావస్తు శాఖదే. పక్కవాళ్ళ మీదికి నెట్టొద్దు. ఐదువేల ఏళ్ళ కిందటి మనుషులు ఇనుప ముక్క కూడా లేకుండా, రాతిని రాతితోనే తొలిచి, నేల అడుగున సమాధి గదులు కట్టుకుని, ఎవరి జోలికీ రాకుండా పడుకున్నారు. వాళ్ళకు చేతనైన పని వాళ్ళు చేశారు. మీకు చేతనైంది ఏమిటి? ఒక మెసేజి రాయడం. అదైనా తిన్నగా రాశారా? పూటకు పదిమందినే లోపలికి పంపుతామన్నారు, మనుషుల ఊపిరి తగిలితే గోడల మీది ఎర్ర రంగు చెడుతుందన్నారు. సరే, ఒప్పుకున్నాం. కానీ టికెట్టు దొరికినవాడికి, "మీ ఇద్దరికీ సమాధిలో చోటు ఖరారైంది. ఆలస్యం చేయక బయలుదేరండి" అని రాసి పంపిన పెద్దమనిషి ఎవరు? ముందు వాణ్ణి బయటికి రమ్మనండి.

ఆ మెసేజి పరుపుల కంపెనీ ఆఫీసు ఫోనుకి వచ్చింది. ఆ కంపెనీలో సరుకు పంపే గుమాస్తా, తన ఫోను మొరాయిస్తే ఆఫీసు ఫోనులోంచి టికెట్లు తీసుకోవడమే దీనికి కారణం. ఇంట్లో అతన్ని అల్లుడనే అంటారు కాబట్టి మనమూ అల్లుడనే అనుకుందాం. చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో ఆ సమాధి బొమ్మ చూసిన దగ్గర్నుంచీ అతనికి అదే పిచ్చి. లోపల గోడకు ముఖం పట్టేంత కన్నం ఒకటుందట. అందులో మెల్లగా మాట్లాడినా గదులన్నీ గుయ్యిమంటాయట. ఆ గుయ్యిమనడం ఒక్కసారి వినాలి. పెళ్ళికి ముందు నుంచీ ప్రయత్నిస్తుంటే ఇన్నాళ్ళకు రెండు చోట్లు దొరికాయి. భార్యకు లిఫ్టు ఎక్కాలన్నా భయం. అందుకని అత్తగారు బయలుదేరింది. ఆవిడ రిటైరైన బస్సు కండక్టరు. సీటు ఖాళీగా పోతోందంటే ఆవిడకు నిద్ర పట్టదు.

ఆ ఉదయం అల్లుడు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. బూట్లు వేసుకున్నాడు, విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి గొడుగు కోసం వెనక్కి వచ్చాడు. గొడుగు పట్టుకున్నాక, నేల అడుగున వానేమిటని అక్కడే పడేశాడు. సెలవు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గుండె దిటవు చేసుకుని మేనేజరుకు ఫోను చేశాడు.

ఆ మేనేజరుకు 'చూద్దాంలే సారు' అని పేరు. సెలవు ఎవరడిగినా, ఎందుకడిగినా, ఆయన నోటివెంట వచ్చేది ఆ ఒక్క మాటే. అయితే అప్పటికే ఆయన ఆఫీసు ఫోనులో అల్లుడి పేరుతో వచ్చిన మెసేజి చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. సెలవంటే రాయైన మనిషి, చావంటే వెన్న.

"సార్, ఇవాళ రాలేను. అత్తగారితో సమాధి దాకా పోతున్నాం."

"మెసేజి చూశానయ్యా. ఇద్దరని ఉంది. రెండో మనిషెవరు?"

"నేనే సార్. ఆవిణ్ణి ఒక్కదాన్నే ఎలా పంపను?"

మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "తొందరపడకు నాయనా. పెళ్ళాం ఉంది, ఉద్యోగం ఉంది. పెద్దావిడ బాధపడిందా?"

"రాత్రంతా మోకాళ్ళ నొప్పులే. తెల్లారేసరికి రెడీ అయిపోయారు. తొమ్మిదిన్నరకి కిందికి దించుతారట. అది తప్పితే మళ్ళీ ఎన్నాళ్ళకో."

"వెళ్ళు, వెళ్ళు. మేమూ వస్తాం."

మేనేజరు సెలవిచ్చాడన్న ఆశ్చర్యంలో ఆ ఆఖరి ముక్క అల్లుడి చెవికి ఎక్కలేదు.

చూద్దాంలే సారు కంపెనీలో మిషన్లన్నీ ఆపించాడు. కుట్టేవాళ్ళనూ దూది నింపేవాళ్ళనూ పరుపులు మోసే వ్యానులోకి ఎక్కించాడు. దారిలో బండి చక్రమంత పూలచక్రం కొన్నాడు. దాని మీద రిబ్బను ఉండాలి కదా. చేతికందింది కంపెనీ రిబ్బనే. "మా పరుపుపై హాయిగా నిద్రించండి" అన్న అక్షరాలు దాని మీద మెరుస్తున్నాయి. సందర్భానికి సరిపోయిందనే అందరూ అనుకున్నారు.

వ్యాను ముందు అల్లుడి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన భార్య తల తుడుచుకుంటూ, "ఇప్పుడే పోయారండి. కాస్త ముందొస్తే మాట్లాడేవారు," అంది.

"నువ్వు వెళ్ళలేదామ్మా?"

"నాకు భయమండి. లోపల గాలాడదు."

"మీ ఆయన ఎలా ఉన్నాడు?"

"ఆయనకేం, ఎగిరి గంతేస్తూ వెళ్ళారు. ఎప్పుడెప్పుడా అని ఎన్నేళ్ళుగా కాచుక్కూర్చున్నారో. ఇవాళ్టికి కోరిక తీరింది."

మేనేజరుకు అల్లుడి మీద అంతదాకా ఉన్న జాలి సగం ఆవిరైపోయింది. "మనిషిని బయటికి చూసి చెప్పలేం," అని వ్యానులో ఎవరో అన్నారు. "పదండి, పెద్దావిడ కోసమైనా వెళ్దాం," అన్నాడాయన.

సమాధి పైన చూడ్డానికేమీ లేదు. ఒక గది, ఒక ఇనుప తలుపు, పక్కన నేలలోంచి లేచిన గాలిగొట్టం, ఒక రాతి బల్ల. తలుపు దగ్గర కాపలాదారు. టికెట్లున్నవాళ్ళు గదిలో కూర్చుని ఉన్నారు. పూలచక్రం ముందూ జనం వెనకా నడిచి రావడం చూసి కాపలాదారు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమిటిది? ఇక్కడ పూడ్చడం మానేసి ఐదువేల ఏళ్ళయింది."

"మాకు ఖరారైంది," అన్నాడు మేనేజరు. "మెసేజి ఉంది."

"ఎంతమందికి?"

"ఒకావిడకే. మేం సాగనంపడానికి వచ్చాం. ఆవిణ్ణి దించేశారా?"

"ఇంకా లేదు. బెల్లు కొట్టాక దించుతాం."

"ఎంతసేపు పడుతుంది?"

"ముప్పావుగంట. తర్వాత పైకొచ్చేస్తారు."

"ఎవరు?"

"దించినవాళ్ళందరూ."

మేనేజరు ఒకడుగు వెనక్కి వేశాడు. అదే సమయానికి వరండా చివర బాత్రూము తలుపు తెరుచుకుని, చేతులు తుడుచుకుంటూ అత్తగారు బయటికి వచ్చింది. ఎదురుగా పూలచక్రం చూసి, "అయ్యో పాపం, ఎవరు పోయారు బాబూ?" అని మేనేజరునే అడిగింది.

అల్లుడి పెళ్ళిలో చూసిన ఆవిణ్ణి గుర్తుపట్టి మేనేజరు కూలబడ్డాడు. కూలబడిన చోట పూలచక్రం ఉంది. అల్లుడు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మీరిక్కడ ఏం చేస్తున్నారు?"

"అత్తగారు పోయారన్నావు కదయ్యా."

"పోలేదు సార్. పోతున్నామన్నాను. చూడ్డానికి."

అత్తగారు రిబ్బను చదివింది. "నేను పోతే పరుపు కూడా ఇస్తారా? మర్యాదస్తులే."

కాపలాదారుకు ఇదంతా అనవసరం. "ఈ గుంపు తలుపు ముందు ఉండగా ఒక్కణ్ణీ దించను. బెల్లు కొట్టే వేళయింది. మీ మనుషుల్ని మీరే తీసుకెళ్ళండి, లేదా టికెట్లు రద్దు," అన్నాడు.

అల్లుడు చేతులు జోడించాడు. బతిమాలాడు. వాళ్ళను ఒక్కొక్కరినే వ్యాను దాకా తోలుకెళ్ళాడు. ఒకడు నీళ్ళడిగాడు. ఒకావిడ చెప్పు తెగింది. దూది నింపేవాడు, "అయితే ఎవరూ పోలేదా?" అని మూడోసారి అడిగి, ఏదో నష్టపోయినవాడిలా ఎక్కాడు. వ్యాను తలుపు వేసి అల్లుడు ఊపిరి బిగబట్టి వెనక్కి ఉరికేసరికి బెల్లు మోగడం ఆగింది. ఇనుప తలుపు మూసి ఉంది.

"పదిమందీ దిగారు," అన్నాడు కాపలాదారు.

"పదోవాణ్ణి నేను కదండీ."

"కాదు. మీ అత్తగారు, సీటు ఖాళీగా పోతే పాపం అని, పూల మీద కూర్చున్నాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఆయన వద్దు వద్దన్నాడు. ఆవిడ 'ముందుకి జరగండి, లోపల బోలెడు చోటుంది' అంది."

అల్లుడు నలిగిన పూలచక్రం ఒళ్ళో పెట్టుకుని గాలిగొట్టం పక్కన రాతి బల్ల మీద కూలబడ్డాడు. సెలవడిగితే ఏళ్ళ తరబడి చూద్దాంలే అన్న మేనేజరు, కింద అల్లుడు చూడవలసినది చూస్తున్నాడు. కాసేపటికి గొట్టంలోంచి అత్తగారి గొంతు సన్నగా వినిపించింది. "ఆ కన్నంలో ఏదైనా అనండి సార్. మా అల్లుడుగారు దీనికోసమే పడి చచ్చారు."

అల్లుడు లేచి గొట్టానికి చెవి ఆనించాడు. చిన్నప్పటి నుంచి వినాలనుకున్నది ఇదే. అడుగున రాయి మొత్తం కదిలినట్టు గుయ్యిమంది. ఆ గుయ్యిమనడంలోంచి మేనేజరు గొంతు, రాజాజ్ఞలా, గది తర్వాత గదిగా పైకి వచ్చింది.

"ఎవరూ పోలేదు కనక... సెలవు లేదు... లేదు... లేదు..."

కాబట్టి పురావస్తు శాఖవారూ, ఇప్పుడు చేయవలసింది చెబుతున్నాం, వినండి. రేపు కాదు, ఈ పూటే ఆ మెసేజిలో 'సమాధిలో చోటు' అన్న ముక్క కొట్టేయండి. 'చూడ్డానికి టికెట్టు' అని మనుషులకు అర్థమయ్యేట్టు రాయండి. ఆ అల్లుణ్ణి మళ్ళీ వరసలో నిలబెట్టకుండా లోపలికి దించండి, ఆ కన్నంలో తనకు తోచింది తననే అననివ్వండి. ఆ రోజుకు అతనికి కావలసిన సెలవు గురించి మేమే మేనేజరును అడిగాం.

చూద్దాంలే అన్నాడు.