చేపల గుంటకు సర్కారు సగం

సగం సాయం చేసే ప్రభుత్వం దొరకడం పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. చేపల్నీ పిట్టల్నీ కాపాడదలచిన ఊరికి ఇప్పుడు మ్యాచింగ్ గ్రాంటు అనే వరం ఉంది. సగం పని మీరు చెయ్యండి, మిగతా సగం మేం చేయిస్తాం అంటారు. ఇంతకన్నా మర్యాదైన మాట ఏ ప్రభుత్వమైనా అనగలదా?

ఆ మర్యాదను కళ్ళారా చూసినవాణ్ణి గనక చెబుతున్నాను.

పర్చూరుకి కొద్ది దూరంలో, మిరప చేల మధ్య ఒక కుంట ఉంది. కూలి దొరకని రోజున మా ఊరి జక్రయ్య వాళ్ళ పేటకి కూర ఆ కుంటలోదే. కానీ ఎండాకాలం వచ్చేసరికి అడుగు నెర్రెలు విచ్చి చేపలన్నీ చచ్చేవి. కుంట నడుమ లోతుగా గుంట తవ్వితే చేపలు అందులోకి దిగి బతుకుతాయని కిందటేడు, అంటే అరవై రెండులో, జక్రయ్యకు తోచింది. అతను బడిపంతులినైన నా దగ్గరికి వచ్చాడు.

"పంతులుగారూ, గవర్నమెంటోళ్ళు సగం ఇస్తారంటగా. ఓ అర్జీ రాసిపెట్టండి."

రాశాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా రాశాను. ఇందులో నా నేరం అదీ!

జవాబు వచ్చింది. ముందు మీ సగం తవ్వండి, కొలతలు వేశాక మా సగం మంజూరవుతుంది అని. పేటలో పన్నెండు ఇళ్ళవాళ్ళు కూలికి పోకముందు గంటసేపు, తిరిగి వచ్చాక గంటసేపు తవ్వారు. మిరపకాయల బళ్ళు తోలే మీరావలి ఆ మట్టిని తన బండిమీద ఉచితంగా తోలాడు. తవ్వుతుంటే అడుగు తడిబురదలో ఒక కొర్రమీను జంట ప్రాణాలతో దొరికింది. జక్రయ్య భార్య రెబ్కా వాటిని కుండలో వేసి, నీళ్ళు మార్చి మార్చి నెలరోజులు సాకింది. ఇంట్లో పిల్లలు కూర వండమని ఏడ్చినా వండలేదు.

ప్రభుత్వం వారు మాత్రం రాలేదు. తొందరపడి వచ్చి జనం ఉత్సాహం చెడగొట్టకూడదని కాబోలు!

తొలకరికి ఒకే ఒక్క వాన పడింది. కుంట నిండలేదు గానీ గుంట నిండింది. రెబ్కా కొర్రమీనుల్ని అందులో వదిలింది. కొన్నాళ్ళకు ఎర్రటి పిల్లల గుంపు ఒకటి నీటిమీద తేలింది. తల్లిచేప దాని చుట్టూ తిరుగుతూ కాపలా కాసింది. పేట ఆడవాళ్ళు ఆ గుంటలో బట్టలు జాడించడం మానేశారు. సబ్బునీళ్ళు తగిలితే పిల్లలు చస్తాయని!

సరిగ్గా అప్పుడు ఓవర్సీరు గారు టేపు పట్టుకొని జీపు దిగారు.

"ఇదేంటి, నీళ్ళున్నాయే? నీళ్ళలో తవ్వకం కొలవకూడదు. తోడించండి."

"అయ్యా, చేప పిల్లల్ని పెట్టిందండీ" అంది రెబ్కా. "నీళ్ళు తీస్తే అయ్యెక్కడికి పోతాయండీ?"

ఓవర్సీరు గారు నిర్దయులు కారు. ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో చేపల కాలమ్ లేదమ్మా. తవ్వకం ఒక్కటే ఉంది."

"కర్ర దించి చూసుకోండి సారూ" అన్నాడు మీరావలి. "తడి ఎంతమేర అంటితే అంత లోతు. దానికి తోడడం దేనికండీ?"

"కర్ర చెల్లదు. టేపే ఉండాలి."

జక్రయ్య నా మొహం చూశాడు. చదువుకున్నవాణ్ణి గదా! "తోడకపోతే గ్రాంటు పోతుంది జక్రయ్యా" అన్నాను.

అతను వెళ్ళి గూడ తెచ్చాడు. ఆ నీళ్ళ గంపకు అటూ ఇటూ తాళ్ళు పట్టుకొని ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకొని మధ్యాహ్నం దాకా తోడారు. నీళ్ళు తగ్గేకొద్దీ ఎర్రగుంపు చిన్నదైంది. కాకులు, కొంగలు దిగాయి. రెబ్కా మోకాలి లోతు బురదలో దిగి కొంగుతో పిల్లల్ని పట్టబోయింది. పెద్దచేపలు రెండూ దక్కాయి. పిల్లలు ఎండకు కొంగులోనే తెల్లబడ్డాయి. ఆవిడ ఏడవలేదు. చెంగు విదిలించి, ఆ రెండింటినీ తీసుకుపోయి మీరావలి చేలో బావిలో వేసింది.

లోతు తొమ్మిదడుగుల రెండంగుళాలు తేలింది. ఒప్పుకున్నదానికన్నా రెండంగుళాలు ఎక్కువే! ప్రజల చిత్తశుద్ధిని ఓవర్సీరు గారు మెచ్చుకున్నారు.

సంక్షేమ ప్రభుత్వం మాట తప్పుతుందా? మాఘమాసంలో సర్కారు సగం వచ్చింది. తవ్వకంగా రాలేదు, రెండు సిమెంటు స్తంభాలుగా, ఒక రేకు బోర్డుగా వచ్చింది. "మత్స్య సంరక్షణ స్థలము. చేపలు పట్టరాదు." ఆ నిబంధనను ఈనాటి వరకూ ఎవ్వరూ ఉల్లంఘించలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను. ఉల్లంఘించాలంటే అందులో చేప ఉండాలి గదా!

ఈ వేసవిలో జక్రయ్య, మీరావలి, మరో నలుగురు కలిసి ఇంకోచోట ఇంకో గుంట తవ్వారు. వాన పడి అది నిండగానే బావిలోని జంటను అందులో వదిలారు. నేను ఊరుకోగలనా? "అర్జీ రాయనా?" అని ఉత్సాహంగా అడిగాను.

జక్రయ్య పలుగు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. "మీకు పుణ్యముంటుంది పంతులుగారూ. ఈసారికి మీరు కలం ముట్టుకోమాకండి."

మొన్న చూసి వచ్చాను. నీటిమీద ఎర్రగుంపు రెండు చేతుల వెడల్పున తేలుతోంది. రెబ్కా గట్టున కూర్చొని కొంగల్ని అదిలిస్తోంది. సగం సాయానికే ఒక తరం చేపలు పోయాయే, పూర్తి సాయం చేస్తే ఏమయ్యేది? అంతటి ఉపకారం తలపెట్టనందుకు ప్రభుత్వానికి ఆ చేపల తరఫున కృతజ్ఞతలు.

గుంట ఎక్కడుందంటారా? చెప్పను. ఈ పత్రిక ఆఫీసులకు కూడా వెళుతుంది.