తెలిసినామె గుండె

బియ్యం కడిగి నానబెట్టి, అవి నానేలోగా రెండు మూడిళ్ళు చుట్టి రావాలని నీలవేణి ఆ ఉదయం అనుకున్నది. అంతకు మించిన ఆలోచన ఆమెకు లేదు.

భర్త బుజ్జిబాబు గూడ్సు బండి గార్డు. ఆయన ఇంట్లో ఉన్నాడంటే నిద్రపోతున్నట్టు, మెలకువగా ఉన్నాడంటే బాలాసోర్ దాటినట్టు. కూతురు కిరణ్మయి ఎంబీబీఎస్ పూర్తిచేసి బాంకురాలో హౌస్ డాక్టరుగా పనిచేస్తోంది. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే ఆ రైల్వే కాలనీ క్వార్టర్లో రోజంతా నీలవేణికి వినిపించే గొంతు స్టేషన్ మైకుది ఒక్కటే. అది మూడు భాషల్లో మాట్లాడుతుంది గాని, ఏ భాషలోనూ "తిన్నావా?" అని అడగదు.

ముందు రోజు రాత్రి కిరణ్మయి ఫోన్ చేసింది. ఎండీ జనరల్ మెడిసిన్ కోసం కౌన్సెలింగ్ సైట్లో కాలేజీలను వరసలో పెట్టి మర్నాడు సాయంత్రంలోగా లాక్ చేయాలి. కలకత్తాలో ఆమె ర్యాంకుకి అందేవి మూడున్నాయి. ఎండీ అయ్యాక దాని పై చదువు, గుండె వైద్యంలో డీఎం చేయాలని ఆ పిల్ల పట్టుదల.

"వెబ్‌సైట్లన్నీ ఒక్కలాగే ఉన్నాయమ్మా. అక్కడ ఎండీ చేసినోళ్ళకి తరవాత డీఎం వస్తోందా లేదా, అదొక్కటీ ఎవరూ రాయరు."

"నేను కనుక్కుంటాన్లే."

"నువ్వా!" అని కూతురు నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది. దానికోసం నీలవేణి మూడు కాలేజీలేమిటి, ముప్పై కాలేజీలైనా కనుక్కునేది.

ఆమె పద్ధతి ఆమెకుంది. సెటిల్‌మెంట్‌లో ఎవరికి పెద్ద జబ్బు వచ్చినా రైల్వే ఆసుపత్రి కలకత్తాకి, ఆ మూడు కాలేజీల ఆసుపత్రులకే రాసి పంపుతుంది. సెటిల్‌మెంట్ వాళ్ళ నోట అవి ఎర్ర బిల్డింగు, కొత్త బిల్డింగు, వంతెన పక్కది. వెళ్ళొచ్చినవాళ్ళకి పెద్ద డాక్టరు పేరు గుర్తుండదు. పొద్దున్నే వచ్చి నెత్తురు తీసిన కుర్ర డాక్టరు మాత్రం బాగా గుర్తుంటాడు. అతనిది ఏ ఊరు, పెళ్ళయిందా, ఇప్పుడెక్కడున్నాడు, అన్నీ తెలుసు. ఎందుకంటే మంచం మీద పడుకున్నన్నాళ్ళూ వాళ్ళు అతనికి సంబంధాలు చూశారు. ఏ కాలేజీ కుర్రాళ్ళు తర్వాత డీఎంకి వెళ్ళారో తెలుసుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన ఆరా ఏముంటుంది?

ఒక్కటే ఇబ్బంది. పోయినేడు సీటు రాకముందే బుజ్జిబాబు వీధంతా రసగుల్లాలు పంచాడు. రసగుల్లాలు అరిగాయి, సీటు రాలేదు. ఈసారి చేతిలో పడేదాకా ఎవరికీ చెప్పకూడదని కూతురు ఒట్టు వేయించుకుంది. కాబట్టి "తెలిసినామె కోసం" అని అడగాలని నీలవేణి నిశ్చయించుకుంది. అక్కడే కొంప మునిగింది.

ఎందుకంటే సెటిల్‌మెంట్‌లో తన జబ్బు గురించి తన పేరు మీద ఎవరూ వాకబు చేయరు. మూలశంక వచ్చినా, మూత్రపిండాల్లో రాయి వచ్చినా అది ఎప్పుడూ ఆ తెలిసినామెకే వస్తుంది. ఆమెను ఎవరూ చూడలేదు. ఆమెకు లేని రోగం లేదు. ఆమె పేరెత్తగానే ఎదుటివాళ్ళు అడిగినవాళ్ళ ముఖంలోకి జాలిగా చూడడం తరతరాల మర్యాద.

మొదట పోలమ్మ ఇంటికి వెళ్ళింది. పోలమ్మ ఆ వరసలో అందరికన్నా పెద్దది.

"పిన్నీ, బాబాయి గుండె జబ్బుకి కలకత్తాలో ఎర్ర బిల్డింగులోనే కదా ఉన్నాడు? అక్కడ కుర్ర డాక్టర్లకి పెద్దోళ్ళు దగ్గరుండి నేర్పుతారా?"

"నేర్పకేటి? ఒక్కొక్కడికీ సెవులు మెలిపెట్టి నేర్పుతారు. మీ బాబాయిని సూసిన దత్తా బాబు ఇప్పుడు పెద్ద గుండె డాక్టరు సదువుకి ఎల్లిపోనాడు. ఆడి ముందోడు కూడా అంతే. ఇంతకీ ఎవులికే?"

"తెలిసినామెకి."

పోలమ్మ చేతిలో చాట ఆగింది. "ఎన్నాల్లుండాలంటన్నారు?"

"మూడేళ్ళు."

"ఓలమ్మో! మూడేల్లే!"

నీలవేణి వీధి మలుపు తిరిగేలోగానే పోలమ్మ ఫోన్ అందుకుంది.

రైల్వే ఆసుపత్రి నర్సు ఏంజలిన్ డ్యూటీకి బయల్దేరి గేటు దగ్గర ఉంది. చెవి దగ్గరున్న ఫోన్ దించి నీలవేణిని ఎగాదిగా చూసింది.

"ఏంజలినక్కా, కొత్త బిల్డింగులో పేషెంట్లు తక్కువంట గదా. కుర్ర డాక్టర్లు చదువుకోడానికి టైముంటదేమో?"

"టైముంటది, కేసులుండవు. కేసులు చూడకుండా పుస్తకం చదివి గుండె డాక్టరెలాగవుతారు? వంతెన పక్కది నయం గాని, అక్కడ కుర్రాళ్ళు కాగితాలు పట్టుకుని తిరగడంతోనే సరి. ఎర్ర బిల్డింగే మేలు. నువ్విలా రా, చెయ్యియ్యి."

"నాకెందుకక్కా? తెలిసినామెకి..."

"ఆవిడ చెయ్యి దొరకలేదు, నీదియ్యి." నాడి పట్టుకున్న ఏంజలిన్ ముఖం మారిపోయింది. అబద్ధమాడేవాళ్ళ నాడి పరిగెడుతుందని నర్సింగులో చెప్పరు కాబోలు. "ఎంత స్పీడుందో! నడిచేసి వచ్చినావా? ప్రభువా!"

నీలవేణిని ఇంటికి ఆమె కాళ్ళ మీద రానివ్వలేదు. సైకిల్ రిక్షా ఎక్కించారు. అప్పటికే వరండా నిండా జనం. మంచం వాల్చి పడుకోబెట్టారు.

"నాకేం కాలేదు," అంది నీలవేణి.

"మీ బాబాయి కూడా ఇదే మాటన్నాడు," అని పోలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అనేసి అలాగే ఒరిగిపోనాడు."

గట్టిగా ఇంకోసారి చెబుదామని నీలవేణి నోరు తెరిచింది. అంతలో ఎవరో తలకింద దిండు సర్దారు. ఎవరో నానబెట్టిన బియ్యం పొయ్యి మీద పెట్టారు. ఇంకెవరో జుట్టు చిక్కు తీస్తూ, "పొద్దున్నేటైనా తిన్నావేటమ్మా?" అని అడిగారు.

ఆ మాట ఆ ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో! టీ తాగి చెబుదాంలే అనుకుంది. టీ వచ్చింది. వెంట పోలమ్మ ఇంటి నుంచి వేడివేడి సూపు వచ్చింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ తమ కలకత్తా అనుభవం చెప్పి, కుర్ర డాక్టర్ల వంశవృక్షాలు విప్పారు. కిరణ్మయికి కావలసిన వివరాలు మంచం దగ్గరికే నడిచొచ్చాయి. ఎవరి లెక్క చూసినా ఎర్ర బిల్డింగుదే పైచేయి. అన్నం తిని చెబుదాంలే అనుకుంది నీలవేణి.

ఈలోగా ఏంజలిన్ భర్త రిచర్డు తన వంతు సాయం చేశాడు. ఆయన ఉద్యోగం బండ్ల రాకపోకలు నడిపే కంట్రోల్ ఆఫీసులో. ఆయన ఒక్క ఫోన్ చేస్తే జలేశ్వర్ స్టేషన్‌లో బుజ్జిబాబు గూడ్సు బండి ఆగింది. వేరే గార్డు కోసం ఆ బండి స్టేషన్ పక్క పట్టాల మీద, లూపు లైన్లో కూర్చుంది. దాని వెనక ఇంకొకటి కూర్చుంది. బుజ్జిబాబు దొరికిన ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఏడుస్తూ బయల్దేరాడు.

పోలమ్మ కూడా తన వంతు సాయం చేసింది. కిరణ్మయికి ఫోన్ చేసింది.

భోజనాలయ్యేసరికి నీలవేణి ఫోన్ మోగింది.

"అమ్మా, మాట్లాడకు, విను." కిరణ్మయి గబగబా చెప్పుకుపోయింది. "కలకత్తా తీసేస్తున్నాను. మన పక్కూరి కాలేజీ ఒక్కటే పెట్టి లాక్ చేసేస్తాను. అక్కడ డీఎం లేదు, సీనియర్లెవరికీ రాలేదంట. అయినా ఫర్వాలేదు. రోజూ రాత్రికి ఇంటికొచ్చేస్తాను."

నీలవేణి దిండు మీద తల వాల్చింది. రోజూ రాత్రికి. చెప్పుల చప్పుడు, రెండో కంచం, "ఏం కూర?" అనే ప్రశ్న. తను చేయవలసింది కూడా ఏమీ లేదు. ఇంకొంచెం సేపు ఇలాగే పడుకుంటే చాలు. చుట్టూ ఉన్న ఇంతమందిలో ఒక్కరూ తప్పుపట్టరు.

"అమ్మా? లాక్ చేసేదా?"

"వద్దు!" నీలవేణి లేచి కూర్చుంది. "నాకే జబ్బూ లేదే. ఎర్ర బిల్డింగు పెట్టు."

పోలమ్మ చటుక్కున ఫోన్ లాక్కుంది. "ఓలమ్మా కిరణూ, మీ యమ్మ మాట నమ్మకు. నువ్వు దిగులుపడతావని అలాగంతాది. నొక్కేయ్, పక్కూరిదే నొక్కేయ్!"

అంతే. నీలవేణి మంచం దిగింది.

"పిన్నీ, నీకు దండం పెడతాను గాని ఆ నోరు మూసుకో! మూడేళ్ళు కలకత్తాలో ఉండేది నేను కాదు నా కూతురు, జబ్బుతో కాదు చదువుకోడానికి, తెలిసినామె లేదు, ఏ ఆమే లేదు, పోయినేడు మీ అందరూ రసగుల్లాలు తినేసి సీటేది సీటేది అని ఆరు నెలలు దాన్ని చంపుకుతిన్నారని చెప్పకుండా దాచినాను, నాడి కొట్టుకోక మానేస్తాదా ఏంజలినక్క అలాగ పోలీసులా పట్టుకుంటే, నా గుండె బండరాయిలాగుంది, ఇప్పుడు నువ్వా ఫోనియ్యకపోతే ఆగేది నీ గుండె!"

పోలమ్మ చేతిలోని ఫోన్ లోంచి చిన్న గొంతు వినిపించింది.

"పోలమ్మామ్మా, ఫోన్ స్పీకర్లో పెట్టు. అమ్మా, అదంతా ఇంకోసారి తిట్టు."

"ఎందుకే?"

"తిట్టమ్మా."

నీలవేణి రెండోసారి ఇంకా బాగా తిట్టింది. మొదటిసారి మరిచిపోయినవి కూడా కలిపింది.

"మధ్యలో ఒక్కసారైనా ఊపిరి పీల్చుకోలేదు," అంది కిరణ్మయి. ఆ గొంతులో డాక్టరూ ఉంది, నవ్వూ ఉంది. "అంత పెద్ద గుండె జబ్బున్నోళ్ళు ఒక వాక్యం పూర్తిచేయడానికే ఆయాసపడతారు. నీకేం లేదు. ఎర్ర బిల్డింగు మొదట పెట్టి లాక్ చేసేస్తున్నాను. ఉంటానమ్మా, వార్డులో పిలుస్తున్నారు."

లాక్ అయింది. సెటిల్‌మెంట్‌కి తెలిసిపోయింది కూడా. ఒట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"అంటే, ఏటీ నేదా?" అని పోలమ్మ అడిగింది. ఆ గొంతులో సంతోషం కోసం నీలవేణి వెతికింది గాని దొరకలేదు. "ఏటీ నేకుండానే మా సేత తల దువ్వించుకున్నావా?" మిగిలిన సూపు గిన్నె తీసుకుని ఆమె వెళ్ళిపోయింది. ఏంజలిన్‌కి డ్యూటీ గుర్తొచ్చింది. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి గుర్తొచ్చింది.

కళ్ళు వాచిపోయిన బుజ్జిబాబు గేటు తోసుకుని వచ్చేసరికి, భార్య వరండా ఊడుస్తోంది.

"బతికే ఉన్నావేటే?"

"ఉన్నాను. టీ పెట్టమంటారా?"

చీపురు పట్టుకున్న ఆమె చేతిని ఆయన కాసేపు పట్టుకున్నాడు. అంతలో రిచర్డు నుంచి ఫోన్ వచ్చింది: వేరే గార్డు దొరకలేదు, లూపు లైను బ్లాకయింది, ఎలాగూ ఏం లేదట కదా, వెంటనే రమ్మంటున్నారు. టీ చల్లారకముందే ఆయన జలేశ్వర్ వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం నీలవేణి తనే జుట్టు చిక్కు తీసుకుని, వరండాలో రెండు కుర్చీలు వేసి, ఒకదాంట్లో కూర్చుంది. వీధిలో అందరూ అటుగానే వెళ్ళారు, అటుగానే వచ్చారు, ఎవరూ ఆగలేదు. ఒంట్లో బాగున్న మనిషిని పలకరించే ఆనవాయితీ సెటిల్‌మెంట్‌లో ఇంకా మొదలు కాలేదు.